ఒకే సర్వర్, వేర్వేరు నెట్‌వర్కులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంత సర్వర్ల మీద నడిపే ప్రైవేట్ క్లౌడ్ గురించే. వీఎం (సర్వర్ లోపల విడి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్) తయారు చేయడం చాలామందికి చేతికి వచ్చేసింది. ఒక వీఎం గాలి ఇంకొకదానికి తగలకుండా ఉంచడం దగ్గరే చిక్కుపడుతున్నారు. ఏడు ప్రశ్నలు తీసుకున్నాం. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాం, మిగతావి చాలావరకు దాని మీదే నిలబడతాయి కాబట్టి.

మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో మూడు సర్వర్లతో ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ నడుపుతా ఉన్నాం. అరవై మంది విద్యార్థులకు తలా ఒక వీఎం ఇచ్చినాం. అన్నీ ఒకే బ్రిడ్జ్ మీద ఉన్నాయి. పోయిన వారం ఒక పిల్లోడు తన వీఎంలో ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ప్రాక్టీస్ చేసినాడు. ఆఫీసు కంప్యూటర్లకు దాన్నుంచే ఐపీలు పోయి, ఫీజుల కౌంటర్లో నెట్ ఆగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాల?
— ల్యాబ్ ఇన్‌ఛార్జి, తిరుపతి

ఆ అబ్బాయిని ఏమీ అనకండి. డీహెచ్‌సీపీ నేర్చుకునేవాడు సర్వర్ పెట్టే చూస్తాడు. కంప్యూటర్ ఆన్ కాగానే ‘నాకొక అడ్రస్ కావాలి’ అని నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా అడుగుతుంది, సాధారణంగా ఎవరి జవాబు ముందొస్తే దాన్నే పట్టుకుంటుంది. మీ విఎంబీఆర్0 బ్రిడ్జ్ ఒక మామూలు స్విచ్ లాంటిది. దానికి తగిలించిన ప్రతి వీఎం ఫీజుల కౌంటర్ కంప్యూటర్‌తో ఒకే గదిలో కూర్చున్నట్టే లెక్క.

ముందు కాగితం మీద గదులు గీయండి. ఒక్కో గది ఒక వీలాన్, అంటే అవే కేబుళ్లు, స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్. వీలాన్ 10 మేనేజ్‌మెంట్‌కి, 20 ఆఫీసుకి, 30 విద్యార్థులకి, 50 స్టోరేజ్‌కి. ఐపీలో మూడో సంఖ్యగా వీలాన్ నంబరే పెట్టండి: ఆఫీసుకు 10.20.20.0/24, విద్యార్థులకు 10.20.30.0/24. అడ్రస్ చూడగానే అది ఏ గదిదో తెలిసిపోతుంది. స్టోరేజ్ వీలాన్‌కి గేట్‌వే ఇవ్వకండి, అది బయటికి పోవాల్సిన పనే లేదు. నంబర్లు 1 నుంచి 4094 వరకు దొరుకుతాయి. 1ని మాత్రం వదిలేయండి: చాలా స్విచ్‌లలో కొత్తగా పెట్టె విప్పినప్పుడే పోర్టులన్నీ అందులో ఉంటాయి.

ఇప్పుడు సర్వర్‌కి, స్విచ్‌కి మధ్య కేబుల్. చంద్రగిరి రోడ్డు మీద చిత్తూరు బస్సూ పోతుంది, మదనపల్లె బస్సూ పోతుంది. ఏది ఎక్కడికో బోర్డు చెబుతుంది. ట్రంక్ పోర్టు ఆ రోడ్డు, వీలాన్ ట్యాగ్ ఆ బోర్డు. బోర్డు లేకుండా వచ్చిన ఫ్రేమును (డేటా మూటను) స్విచ్ ఏదో ఒక వీలాన్‌లో వేయాలి కదా, దాన్నే నేటివ్ వీలాన్ అంటారు. మా దగ్గరికి వచ్చే సమస్యల్లో చాలా వాటి మూలం ఈ బోర్డు లేని బస్సే.

క్లస్టర్‌లో నోడ్ (ఒక్కో సర్వర్) ఐపీ మార్చడం తలనొప్పి, కోరోసింక్ (నోడ్లను కలిపి ఉంచే ప్రోగ్రామ్) ఫైల్లోనూ హోస్ట్స్ ఫైల్లోనూ అన్నీ సరిచూడాలి. అందుకని నోడ్ల ఐపీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఆఫీసు కంప్యూటర్లనే కొత్త 10.20.20 సిరీస్‌కి మార్చండి. అవి డీహెచ్‌సీపీతోనే ఐపీ తీసుకుంటాయి కాబట్టి రీస్టార్ట్ చేస్తే చాలు.

పనిని ఈ వరసలో చేయండి. హెచ్ఏ (ఒక నోడ్ ఆగితే దాని వీఎంలను ఇంకో నోడ్ నడిపే ఏర్పాటు) వాడుతుంటే ముందు దాన్ని ఆపండి, లేకపోతే కాసేపు ఒంటరి అయిన నోడ్ తనంతట తానే రీబూట్ అవుతుంది. ప్రతి నోడ్‌లో విఎంబీఆర్0కి ‘వీలాన్ అవేర్’ టిక్ పెట్టి అప్లై చేయండి. స్విచ్‌లో మూడు సర్వర్ల పోర్టులనూ ట్రంక్ చేసి, నేటివ్‌గా 10, ట్యాగ్‌తో 20, 30 ఇవ్వండి. దీంతో నోడ్లు ఏ మార్పూ లేకుండా వీలాన్ 10లోకి వచ్చేస్తాయి. తర్వాత ప్రతి విద్యార్థి వీఎం నెట్‌వర్క్ డివైస్‌లో ‘వీలాన్ ట్యాగ్’ గడిలో 30 రాయండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకండి. ఈ స్థితిలో ట్యాగ్ రాయడం మరిచిపోయిన ఏ వీఎం అయినా నేరుగా మేనేజ్‌మెంట్ వీలాన్‌లో పడుతుంది. ఒక ఖాళీ గడి చాలు, విద్యార్థి మీ సర్వర్ల పక్కన కూర్చోవడానికి. కాబట్టి రెండో దశలో ఒక్కో నోడ్‌ని ట్యాగ్‌కి మార్చండి: విఎంబీఆర్0 మీదున్న ఐపీ, గేట్‌వే తీసేసి, విఎంబీఆర్0.10 అనే ఇంటర్ఫేస్ మీద అవే పెట్టండి. స్విచ్‌లో ఆ పోర్టుకు 10ని ట్యాగ్‌గా మార్చి, నేటివ్‌గా ఎవరూ వాడని 999 ఇవ్వండి. మిగతా రెండు నోడ్లు ఇంకా ట్యాగ్ లేకుండా ఉన్నా ఫర్వాలేదు, స్విచ్ లోపల మూడూ వీలాన్ 10లోనే ఉంటాయి కాబట్టి క్లస్టర్ విడిపోదు. ఈ పని చేసేటప్పుడు సర్వర్‌కి మానిటర్, కీబోర్డు తగిలించి పెట్టుకోండి లేదా ఐపీఎంఐ (దూరం నుంచే సర్వర్ స్క్రీన్ చూపే ఏర్పాటు) సిద్ధంగా ఉంచుకోండి. బ్రౌజర్‌నే నమ్ముకుని కూర్చుంటే, తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ఫైర్‌వాల్‌కి స్టోరేజ్‌లో తప్ప ఒక్కో వీలాన్‌లో ఒక కాలు, అంటే ఒక ఐపీ, పెట్టండి. విద్యార్థుల వైపు రూల్స్ ఈ వరసలోనే ఉండాలి: మొదట 10.20.30.1కి (ఫైర్‌వాల్‌కి ఆ వైపున్న అడ్రస్) డీఎన్ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సేవ) పోర్టు 53 అనుమతి, తర్వాత 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 (లోపలి నెట్‌వర్కులు వాడే ప్రైవేట్ అడ్రస్‌లు) మొత్తానికి నిషేధం, చివర మిగతా అంతటికీ అనుమతి. మధ్యలో ఉన్న ఈ రూల్ వల్ల రేపు మీరు కొత్త వీలాన్ తెరిచినా దానంతట అదే మూసుకుని ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఫైర్‌వాల్ సెట్టింగుల పేజీ విద్యార్థుల గేట్‌వే అడ్రస్ మీద కూడా తెరుచుకుంటుంది, అది చాలామందికి గుర్తుండదు. ఈ వరసలో అదీ మూతపడుతుంది. రూల్స్ మార్చాక పాత కనెక్షన్ల స్టేట్‌లను రీసెట్ చేయండి. ముందే తెరిచి ఉన్న కనెక్షన్‌కి కొత్త రూల్ తగలదు.

ఇక విద్యార్థులు అరవై మందీ వీలాన్ 30లో ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అనుమతి లేని డీహెచ్‌సీపీ జవాబులను స్విచ్ ఆపే ఏర్పాటు) ఆన్ చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఒకే సర్వర్‌లో ఉన్న రెండు వీఎంల మాటలు స్విచ్ దాకా రానేరావు, బ్రిడ్జ్ లోపలే అయిపోతాయి. కాబట్టి ప్రాక్స్‌మాక్స్ ఫైర్‌వాల్‌లోనే బయటికి పోయే యూడీపీలో సోర్స్ పోర్ట్ 67ని (డీహెచ్‌సీపీ సర్వర్ జవాబులు బయలుదేరే పోర్టు) డ్రాప్ చేయండి. విద్యార్థి తన వీఎంలో రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) అయినా, ఈ రూల్ హోస్ట్ మీద ఉంటుంది కాబట్టి దాన్ని తీయలేడు. వీఎం తన నెట్‌వర్క్ కార్డు గుర్తింపు (మ్యాక్ అడ్రస్) మార్చి పంపకుండా ఆపే మ్యాక్ ఫిల్టర్ ఆన్‌లోనే ఉంచండి. లోపలికి వచ్చే పాలసీ డ్రాప్ అయితే పక్క విద్యార్థి పోర్టులూ తగలవు. డీహెచ్‌సీపీ ప్రాక్టీస్ చేయాలనుకునేవాళ్లకు గేట్‌వే లేని ఇంకో వీలాన్ విడిగా ఇవ్వండి, మనసారా చేసుకుంటారు.

ఈ ప్రాక్స్‌మాక్స్ ఫైర్‌వాల్‌కి మూడు ఆన్-ఆఫ్ మీటలు: డేటాసెంటర్ స్థాయిలో, వీఎం ఆప్షన్లలో, వీఎం నెట్‌వర్క్ డివైస్ మీద. మూడింటిలో ఒకటి ఆఫ్‌లో ఉన్నా రూల్స్ అందంగా కనబడతాయి, పని మాత్రం చేయవు. డేటాసెంటర్ స్థాయిలో ఆన్ చేసే ముందు మీ కంప్యూటర్ ఐపీకి అనుమతి రూల్ రాసుకోండి. ఆన్ చేయగానే లోకల్ నెట్‌వర్క్ నుంచి 8006 (ప్రాక్స్‌మాక్స్ పేజీ), 22 (దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్) లాంటి కొన్ని పోర్టులు తప్ప మిగతావి మూసుకుంటాయి. మీరు వేరే సబ్‌నెట్‌లో కూర్చుని ఉంటే మీరే బయట పడతారు. అలా అయితే సర్వర్ కన్సోల్‌లో ‘పీవీఈ-ఫైర్‌వాల్ స్టాప్’ కొట్టి మళ్లీ లోపలికి రావచ్చు.

డీహెచ్‌సీపీ లీజు (ఇచ్చిన ఐపీ ఒకరి పేరు మీద ఉండే గడువు) రెండు గంటలు చాలు. ల్యాబ్ వీఎంలు పుడుతూ పోతూ ఉంటాయి. వారం రోజుల లీజు ఇస్తే లేని వీఎంల పేరు మీద అడ్రస్‌లు నిలిచిపోయి, ఒక ఉదయం ఎవరికీ ఐపీ దొరకదు.

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టాలీ సర్వర్ వీలాన్ 20లో, సీసీ కెమెరాల రికార్డింగ్ వీఎం వీలాన్ 40లో పెట్టినాం. ట్యాగులు సరిగ్గానే ఉన్నాయి. అయినా కెమెరాల వైపు నుంచి టాలీ సర్వర్‌కి పింగ్ పోతానే ఉంది. ట్యాగ్ పని చేయలేదా?
— ఐటీ సూపర్‌వైజర్, చిత్తూరు

ట్యాగ్ తన పని తాను చేసింది. రెండు గదుల మధ్య గోడ కట్టింది. ఎవరో ఆ గోడకు తలుపు పెట్టారు, ఆ తలుపు ఎక్కడుందో పట్టుకోవాలి.

పింగ్ జవాబులో టీటీఎల్ అంకె చూడండి. టాలీ సర్వర్ విండోస్ కాబట్టి దాని జవాబు 128తో బయలుదేరుతుంది, దాటిన ప్రతి రూటర్ దగ్గర ఒకటి తగ్గుతుంది. మీకు 127 కనబడితే మధ్యలో ఒక రూటర్ ఉంది. 128 కనబడితే మధ్యలో ఎవరూ లేరు, రెండు మెషీన్లలో ఒకదానికి రెండో నెట్‌వర్క్ కార్డు ఉండి, అది రెండో వీలాన్‌లో కూర్చుని ఉంది. లైనక్స్ మెషీన్లకు ఇవే లెక్కలు 64, 63.

127 అయితే ట్రేస్‌రూట్ వేయండి. మధ్యలో వచ్చే అడ్రస్ ఎవరిదో వాళ్లే తలుపు. ఎక్కువసార్లు అది లేయర్ 3 స్విచ్ (రూటర్ పని కూడా చేసే స్విచ్). దాంట్లో రెండు వీలాన్లకూ ఐపీలు ఇచ్చి, రూటింగ్ ఆన్ చేసి ఉంటే, అడగకుండానే రెంటినీ కలుపుతుంది. ఏసీఎల్ (ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే రూల్స్ జాబితా) రాయండి, లేదా ఆ ఐపీలు తీసేసి గేట్‌వే పనిని ఫైర్‌వాల్‌కి అప్పగించండి. మేము రెండోదే చెబుతాం. స్విచ్ ఏసీఎల్‌లు సాధారణంగా వచ్చే ప్యాకెట్‌ని, తిరిగి పోయే జవాబుని విడివిడిగా చూస్తాయి. పది రూల్స్ దాటాక ఏది ఎందుకు రాశామో రాసినవాళ్లకే గుర్తుండదు.

మధ్యలో వచ్చింది వర్చువలైజేషన్ హోస్ట్ అడ్రసే అయితే, ఆ హోస్ట్‌కి రెండు వీలాన్లలోనూ ఐపీ ఉంది, ఐపీ ఫార్వార్డింగ్ (ఒక నెట్‌వర్క్ ప్యాకెట్లను ఇంకొకదానికి దాటించడం) కూడా ఆన్‌లో ఉంది. ‘మేము ఆన్ చేయలేదే’ అనకండి. హోస్ట్ మీద డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) పెడితే అది తన అవసరానికి ఫార్వార్డింగ్ ఆన్ చేస్తుంది. అదే డాకర్ కొన్నిసార్లు తిరగబడి, ఫార్వర్డ్ పాలసీని డ్రాప్ చేసి బ్రిడ్జ్ మీద వీఎంల మాటలనే ఆపేస్తుంది. అందుకే వీఎంలు నడిపే హోస్ట్ మీద డాకర్ వద్దు. కావాలంటే ఒక వీఎం చేసి దాంట్లో పెట్టుకోండి.

ఇంకొక మెలిక ఉంది. ఫార్వార్డింగ్ ఆపేసినా, వీలాన్ 40 నుంచి హోస్ట్‌కున్న వీలాన్ 20 అడ్రస్‌కి పింగ్ పోవచ్చు. లైనక్స్‌కి తనకున్న ఏ ఐపీ అయినా ఏ దారిన వచ్చి అడిగినా పలకడం అలవాటు. దాన్ని రూల్స్‌తో కాదు, మూలంతో సరిచేయాలి: వీఎంల వీలాన్లలో హోస్ట్‌కి ఐపీ ఇవ్వనే వద్దు. బ్రిడ్జ్ పనిచేయడానికి హోస్ట్‌కి అందులో ఐపీ అక్కర్లేదు.

చివరగా గోడకే చిల్లు ఉందేమో చూడాలి. రికార్డింగ్ వీఎం నంబరు 140 అనుకుందాం. హోస్ట్ మీద ట్యాప్140ఐ0 ఇంటర్ఫేస్‌కి టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే కమాండ్) పెట్టి ఏఆర్‌పీ (‘ఈ ఐపీ ఎవరిది?’ అని అడిగే ప్రశ్నలు) మాత్రమే చూడండి. పది నిమిషాల్లో వీలాన్ 20 సిరీస్ అడ్రస్ ఒక్కటి కనబడినా వీలాన్లు కింది పొరలోనే కలుస్తున్నాయి. కేబుల్‌కి రెండు వైపులా నేటివ్ వీలాన్ నంబర్లు వేర్వేరుగా ఉండటమో, గోదాములో ఎవరో ఒక చిన్న మామూలు స్విచ్ పెట్టి రెండు వీలాన్ల కేబుళ్లూ దాంట్లోనే గుచ్చడమో కారణం అవుతుంది. రెండోది వెతకడానికి నడిచి వెళ్లి చూడాల్సిందే.

తోతాపురి లోడ్లు దిగే జూన్, జూలైలో మాత్రం స్విచ్ కాన్ఫిగరేషన్ ముట్టుకోకండి. కాటా బిల్లు ఆగితే గేటు బయట ట్రాక్టర్లు నిలబడిపోతాయి.

రేణిగుంటలో మా యూనిట్ రెండు బిల్డింగుల్లో ఉంది. మధ్యలో ప్రొవైడర్ ఇచ్చిన ఐపీ లింకు. వీఎక్స్‌లాన్‌తో రెండు వైపుల వీఎంలనూ ఒకే సబ్‌నెట్‌లో పెట్టినాం. పింగ్ బ్రహ్మాండంగా పోతోంది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అవుతుంది కానీ పెద్ద లిస్టు తెరవగానే బిగుసుకుపోతుంది. ఫైలు కాపీ మొదలై ఆగిపోతుంది.
— సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, రేణిగుంట

‘పింగ్ పోతుంది, ఫైలు పోదు’ అన్నారంటే ముందు ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎన్ని బైట్ల వరకు ఉండవచ్చో ఆ హద్దు) చూడండి. వీఎక్స్‌లాన్ మీ వీఎం పంపిన ఫ్రేముని మొత్తంగా ఒక కొత్త కవర్లో పెట్టి పంపుతుంది. ఆ కవరు బరువు: లోపలి ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు, వీఎక్స్‌లాన్ 8, యూడీపీ 8, బయటి ఐపీ 20, మొత్తం 50. లింకు 1500 మోస్తే, లోపలి వీఎంకి మిగిలేది 1450. వీఎం మాత్రం తనకు 1500 ఉందనుకుని నిండు ప్యాకెట్లు పంపుతుంది. చిన్న పింగ్ దూరుతుంది, నిండు ప్యాకెట్ దారిలోనే రాలిపోతుంది.

రుజువు చేసుకోండి. వీఎం నుంచి ముక్కలు చేయవద్దనే గుర్తుతో పింగ్ పంపండి, సైజు 1422. పింగ్ హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1450. అది పోవాలి. 1423 పోకూడదు. 1422 కూడా పోకపోతే ప్రొవైడర్ లింకు 1500 కూడా ఇవ్వడం లేదన్నమాట. అప్పుడు సైజు తగ్గించుకుంటూ పోయి ఏ అంకె దగ్గర దూరుతుందో చూసి, దానికి 28 కలపండి. మీ ఎంటీయూ అదే.

లింకు మీ సొంత ఫైబర్ అయితే కింది నెట్‌వర్క్‌ని 9000కి పెంచండి, వీఎంలు 1500తోనే హాయిగా ఉంటాయి. కానీ దారిలో ఉన్న ప్రతి స్విచ్, ప్రతి కార్డు మారాలి. ఒక్కటి మిగిలినా ఇదే జబ్బు తిరగబెడుతుంది. మీది ప్రొవైడర్ లింకు కాబట్టి వీఎంల ఎంటీయూనే 1450 చేయండి. డీహెచ్‌సీపీ ఆప్షన్ 26తో చాలా లైనక్స్ వీఎంలకు అందించవచ్చు. స్టాటిక్ ఐపీ ఉన్నవాటికి చేత్తోనే మార్చాలి, సాధారణంగా మరిచిపోయేదీ వాటినే. బయటికి పోయే దారిలో రూటర్ దగ్గర టీసీపీ ఎంఎస్ఎస్ (హెడర్లు పోగా ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) 1410కి బిగించండి.

మీరు అడగని విషయం ఒకటి, ఎంటీయూ కంటే ముఖ్యమైంది. వీఎక్స్‌లాన్‌కి తాళం లేదు. లోపలి డేటా విప్పి ఉంటుంది, పంపినవారెవరో సరిచూసే ఏర్పాటూ లేదు. మీ హోస్ట్‌కి యూడీపీ 4789 మీద ప్యాకెట్ పంపగలిగిన ఎవరైనా, మీ నెట్‌వర్క్ నంబరు ఊహించి లోపలికి ఫ్రేములు దించగలరు. ఆ నంబరు 24 బిట్లది, కోటీ అరవై లక్షలకు పైగా అవకాశాలు. అంత పెద్ద అంకె ఉందని భద్రత ఉందనుకోకండి, చాలామంది 100, 1000 అనే పెట్టుకుంటారు. రెండు హోస్ట్‌ల ఐపీల మధ్య తప్ప ఇంకెక్కడి నుంచీ 4789 రానివ్వకండి. పరాయివాళ్ల లింకు మీద పోతోంది కాబట్టి దాన్ని వైర్‌గార్డ్ (డేటాకు తాళం వేసి పంపే వీపీఎన్) లోపల నడపండి. వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ 1420, దాంట్లోంచి 50 తీస్తే వీఎంలకు 1370. అప్పుడు ఎంఎస్ఎస్ 1330.

ఉబుంటు వీఎం ఒకటి చేసి దాన్నే పది క్లోన్లు తీసినాను. మ్యాక్ అడ్రస్‌లు వేర్వేరుగా ఉన్నా అన్నిటికీ ఒకే ఐపీ వస్తా ఉంది. రూటర్ పాడైందా?
— కంప్యూటర్ ట్రైనర్, శ్రీకాళహస్తి

రూటర్ బాగానే ఉంది. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు మ్యాక్ అడ్రస్ కాకుండా, తన మెషీన్-ఐడీ నుంచి తయారైన గుర్తింపు చెబుతుంది. క్లోన్ చేస్తే ఆ మెషీన్-ఐడీ కూడా క్లోన్ అవుతుంది. పది మంది ఒకే ఆధార్ నంబరు చెప్పినట్టు. సర్వర్ ‘మీరే కదా’ అని అదే ఐపీ ఇస్తుంది.

మూల వీఎంలో ఈటీసీ ఫోల్డర్లోని మెషీన్-ఐడీ ఫైలుని ఖాళీ చేయండి. తీసేయకండి, ఖాళీ చేసి అక్కడే ఉంచండి. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (లాగిన్ అయ్యేవారికి సర్వర్ తానెవరో రుజువు చేసుకునేవి) తీసేయండి. క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో వీఎంని సిద్ధం చేసే ప్రోగ్రామ్) ఉంటే క్లీన్ చేయండి, కొత్త హోస్ట్ కీలు మొదటి బూట్‌లో అదే పుట్టిస్తుంది. అది లేకపోతే క్లోన్‌లో కీలు మీరే తయారు చేయాలి. ఆ తర్వాత వీఎంని ఆపి టెంప్లేట్‌గా మార్చండి. మధ్యలో ఒక్కసారి ఆన్ చేసినా కొత్త ఐడీ పుట్టేస్తుంది, మళ్లీ మొదటికి వస్తారు.

హోస్ట్ కీల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పది వీఎంలకు ఒకే కీ ఉంటే, ఒక విద్యార్థి వీఎం ఇంకొకదానిలా నటించినా లాగిన్ అయ్యేవారికి ఏ హెచ్చరికా రాదు.

మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాం. రెండు వీఎంల మధ్య కీప్‌అలైవ్‌డీతో (ఒకటి ఆగితే ఐపీని రెండోదానికి మార్చే ప్రోగ్రామ్) ఒక వర్చువల్ ఐపీ నడపాలని చూస్తున్నాం. సెక్యూరిటీ గ్రూప్‌లో (వీఎంకి వర్తించే ఫైర్‌వాల్ రూల్స్) అన్నీ తెరిచేసినా ఆ ఐపీ పలకడం లేదు.
— డెవాప్స్ ఇంజినీర్, తిరుపతి

ముందు తెరిచేసినవన్నీ మూసేయండి. మీ సమస్య అక్కడ లేదు.

ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ చూసుకునే న్యూట్రాన్ ప్రతి పోర్టుకూ (వీఎం నెట్‌వర్క్ కనెక్షన్‌కీ) ఒక మ్యాక్, దానికి ఇచ్చిన ఐపీ గుర్తుపెట్టుకుంటుంది. వేరే ఐపీ పేరుతో ఆ వీఎం ఏది పంపినా పడేస్తుంది. దీన్ని పోర్ట్ సెక్యూరిటీ అంటారు, ఒక టెనెంట్ (క్లౌడ్‌ని పంచుకునే వాడుకరి) ఇంకొకరి ఐపీని ఎత్తుకుపోకుండా కాపాడేది ఇదే. సెక్యూరిటీ గ్రూప్ ఎంత తెరిచినా ఈ తనిఖీ పోదు. రెండు వీఎంల పోర్టులకూ ‘అలౌడ్ అడ్రస్ పెయిర్స్’లో ఆ వర్చువల్ ఐపీ ఒక్కటే చేర్చండి, 0.0.0.0/0 కాదు. ఆ ఐపీ రేపు ఇంకో వీఎంకి పోకుండా, దాని పేరు మీద ఒక ఖాళీ పోర్టు కూడా సృష్టించి ఉంచండి. కీప్‌అలైవ్‌డీ మాట్లాడుకునే వీఆర్‌ఆర్‌పీ, ఐపీ ప్రోటోకాల్ 112. దాన్ని సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ ఇద్దరి మధ్యే అనుమతించండి. లేకపోతే ఇద్దరూ నేనే మాస్టర్ అంటారు.

విసుగొచ్చి పోర్ట్ సెక్యూరిటీనే ఆపేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే ఆ పోర్టుకి సెక్యూరిటీ గ్రూపులు కూడా పోతాయి. రూటర్ లాంటి వీఎంకి తప్ప ఇంకెవరికీ ఆ పని చేయకండి.

డిఫాల్ట్ గ్రూప్ తీరు కూడా తెలుసుకోండి: బయటికి అంతా అనుమతి, లోపలికి అదే గ్రూపులో ఉన్నవాళ్ల నుంచి మాత్రమే. అంటే అన్ని వీఎంలనూ డిఫాల్ట్‌లోనే వదిలేస్తే టెస్ట్ వీఎంకి డేటాబేస్ పోర్టు తెరిచే ఉంటుంది. వెబ్‌కి ఒక గ్రూప్, డేటాబేస్‌కి ఒక గ్రూప్ చేసి, డేటాబేస్ గ్రూప్‌లో ఐపీల బదులు ‘వెబ్ గ్రూప్ నుంచి 5432’ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్టు) అని రాయండి. వీఎంలు మారినా రూల్ మారదు.

అన్నా, ల్యాప్‌టాప్‌లో కేవీఎం (లైనక్స్‌లో వీఎంలు నడిపేది) పెట్టి వైఫై మీద బ్రిడ్జ్ చేస్తే వీఎంకి ఐపీ రావడం లేదు. ఇంకొకటి, వైరస్ శాంపిళ్లు చూడటానికి ఎలాంటి నెట్‌వర్క్ పెట్టుకోవాల?
— బీటెక్ విద్యార్థి, పుత్తూరు

తమ్ముడూ, వైఫై యాక్సెస్ పాయింట్ తనతో చేతులు కలిపిన మ్యాక్ అడ్రస్‌తోనే మాట్లాడుతుంది. నీ వీఎం మ్యాక్ దానికి తెలియదు, మామూలు వైఫై ఫ్రేములో రెండో పంపేవారికి చోటూ లేదు. కేవీఎంని నడిపించే లిబ్‌వర్ట్ ఇచ్చే డిఫాల్ట్ నాట్ నెట్‌వర్క్ (వీఎం నీ ల్యాప్‌టాప్ ఐపీ మీదుగా బయటికి పోయేది) వాడుకో, 192.168.122.0/24తో వస్తుంది.

శాంపిళ్లకు ఐసోలేటెడ్ నెట్‌వర్క్ చెయ్యి. అందులోనూ హోస్ట్‌కి ఒక ఐపీ ఉంటుంది, అంటే నీ ల్యాప్‌టాప్ ఆ వీఎంకి అందుబాటులోనే ఉంటుంది. నెట్‌వర్క్ నిర్వచనంలో ఆ ఐపీ భాగం తీసెయ్యి. వర్చువల్‌బాక్స్ అయితే హోస్ట్-ఓన్లీ కాదు, ఇంటర్నల్ నెట్‌వర్క్ తీసుకో. షేర్డ్ ఫోల్డర్, షేర్డ్ క్లిప్‌బోర్డ్ రెండూ ఆపు. కేబుల్ పీకి కిటికీ తెరిచి పెట్టకూడదు కదా.

మా ఆసుపత్రిలో రోగుల రికార్డుల వీఎంని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీయాలనుకుంటున్నాం. అప్‌డేట్లు, టైము, బ్యాకప్ ఎలా?
— ఐటీ ఇన్‌ఛార్జి, చిత్తూరు

మంచి నిర్ణయం. చాలా చోట్ల మొదట గట్టిగా విడదీసి, నెల తిరిగేసరికి అప్‌డేట్ కోసమని ఒక తాత్కాలిక రూల్ రాసి, దాన్ని మరిచిపోతారు. అవసరాలకు ముందే దారి వేసి పెడితే ఆ తాత్కాలిక రూల్ పుట్టదు.

వీఎంకి ప్రత్యేక వీలాన్ ఇవ్వండి. ఫైర్‌వాల్‌లో అన్నీ మూసి, పేరు పెట్టి కొన్ని మాత్రమే తెరవండి. ఓపీడీ, వార్డు కంప్యూటర్ల నుంచి అప్లికేషన్ పోర్టు 443. అప్‌డేట్ల కోసం వేరే వీలాన్‌లో ఒక ఆప్ట్-క్యాషర్ (అప్‌డేట్లు దించి నిల్వ ఉంచి ఇచ్చేది) వీఎం, దాని పోర్టు 3142 వరకే దారి. ఇంటర్నెట్‌కి పోయేది ఆ క్యాషర్, అదీ ఉబుంటు సర్వర్ల వరకే. టైము కోసం ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ (గడియారాలను సరిచేసే సేవ) ఆన్ చేసి, అది ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సర్వర్ల నుంచి టైము తీసుకునేలా పెట్టండి. రికార్డుల వీఎం ఫైర్‌వాల్‌నే అడుగుతుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో ఈ టైము సంగతి ఉంది. లాగులు 180 రోజులు ఉంచాలని, సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లో తెలపాలని కూడా ఉంది. అవి సంస్థలకూ వర్తిస్తాయి. కాబట్టి లాగులను ఆ వీఎంలోనే ఉంచుకోకుండా వేరే లాగ్ సర్వర్‌కి ఒక వైపుగా పంపండి.

బ్యాకప్ కోసం వీఎంకి ఏ దారీ అక్కర్లేదు. ప్రాక్స్‌మాక్స్‌లో బ్యాకప్ తీసేది హోస్ట్, వీఎం కాదు. హోస్ట్ నుంచి బ్యాకప్ సర్వర్‌కి 8007 పోర్టు, మేనేజ్‌మెంట్ వీలాన్ మీదుగా. హోస్ట్ వాడే బ్యాకప్ యూజర్‌కి పాత బ్యాకప్‌లు తుడిచే హక్కు ఇవ్వకండి. పాతవి తీసే పని బ్యాకప్ సర్వర్ తన షెడ్యూల్‌లో తానే చేసుకుంటుంది. డేటా తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే మీకు మిగిలేది ఈ బ్యాకప్‌లే.

మూడు దొంగదారులు ప్రత్యేకంగా చూడండి. ఒకటి డీఎన్ఎస్. గేట్‌వే మూసినా, వీఎం అడిగే డీఎన్ఎస్ సర్వర్ బయటి పేర్లను కూడా వెతికి పెడుతుంటే, ఆ ప్రశ్నల్లోనే డేటా కొంచెం కొంచెంగా బయటికి జారగలదు. ఈ వీలాన్‌కి లోపలి పేర్లు మాత్రమే చెప్పే డీఎన్ఎస్ ఇవ్వండి. రెండు ఐపీవీ6. మీరు వాడకపోయినా ప్రతి వీఎంకి ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రస్ ఉంటుంది, అదే వీలాన్‌లో ఉన్నవాళ్లు దాని మీద మాట్లాడుకోగలరు. ఐపీవీ4కి రాసిన రూల్స్ దానికి తగలకపోవచ్చు, విడిగా చూడండి. మూడు ప్రాక్స్‌మాక్స్ పేజీ ఉన్న 8006. అది చేతికి దొరికితే వీఎం కన్సోల్, డిస్క్, స్నాప్‌షాట్ అన్నీ దొరికినట్టే, లోపల ఎన్ని గోడలు కట్టినా లెక్కలేదు. దానికి టీఓటీపీ (ఫోన్ యాప్‌లో మారుతూ ఉండే కోడ్) పెట్టండి, ఒకే ఒక అడ్మిన్ కంప్యూటర్ నుంచి మాత్రమే తెరుచుకునేలా చేయండి.

అంతా అయ్యాక రికార్డుల వీఎం కన్సోల్‌లో కూర్చుని బయటికి ప్రయత్నించండి: 8.8.8.8కి పింగ్, ఏదో ఒక బయటి పేరుకి డీఎన్ఎస్, 443 మీద ఏదో ఒక సైటు, ఆఫీసు వీలాన్‌లోని ప్రింటర్, హోస్ట్ 8006. ఐదూ విఫలం కావాలి. ఆ తర్వాత వార్డు కంప్యూటర్ నుంచి ఎన్‌మ్యాప్‌తో (తెరిచి ఉన్న పోర్టులను వెతికే ప్రోగ్రామ్) ఆ వీఎం మీద 65535 పోర్టులూ చూడండి, 443 ఒక్కటే తెరిచి ఉండాలి. ఫైర్‌వాల్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ, స్విచ్ మార్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష మళ్లీ చేసి, ఫలితం తేదీతో సహా రిజిస్టర్లో రాసి పెట్టండి.